మా హాల్లో పేపరు పియానో

పోయిన అక్టోబరులో పది రోజులపాటు మా హాల్లో నేలమీద ఒక పేపరు పియానో ఉండేది. నవ్వకండి. ఇండియన్ స్టోర్లో ఊరికే ఇచ్చే పత్రికలు, పార్సిల్ డబ్బాల్లో కుక్కి పంపే గోధుమరంగు కాగితం అన్నీ కలిపి అతికించి, అయిదడుగుల మూడంగుళాల పొడవు, నాలుగడుగుల పదకొండంగుళాల వెడల్పుతో పియానో ఆకారంలో కత్తిరించి, గోడలకు రంగులేసేవాళ్ళు వాడే నీలం టేపుతో కార్పెట్‌కి అంటించాను. వీడియో కాల్‌లో అది చూసి మా అత్తయ్యగారు, "ఏమ్మా, సంక్రాంతి ముగ్గు అప్పుడే పెట్టేశావా?" అన్నారు.

ఇంట్లో ఒక్కటే నియమం పెట్టాను. దానిమీద ఎవరూ కాలు పెట్టకూడదు. అది నిజంగా అక్కడ ఉందనుకునే నడవాలి.

మొదటిరోజే తెలిసిపోయింది. బట్టల బుట్ట పట్టుకుని మెట్లెక్కాలంటే పియానో తోకమీంచి నడవాలి. మావారు ఆఫీసు కాల్ మాట్లాడుతూ రెండుసార్లు దాంట్లోంచి నడిచారు. నేను నాలుగుసార్లు. మూడోరోజు దాన్ని పీకి అవతలి గోడ దగ్గర అంటించాను. అక్కడ వేడిగాలి వచ్చే జాలీ సరిగ్గా దాని పొట్ట కింద పడింది. చలికాలం నాలుగు నెలలూ చెక్క కింద కుంపటి పెట్టినట్టు. మళ్ళీ పీకాను. మూడో చోటు బాగానే ఉంది, కానీ అక్కడ మా డైనింగ్ టేబుల్ ఉంది.

అసలు కథ అక్కణ్ణించే మొదలైంది.

మేముండేది న్యూజెర్సీలో, టౌన్‌హౌస్‌లో. రెండు పక్కలా ఉమ్మడి గోడలు. కింద పదమూడడుగుల వెడల్పు, పంతొమ్మిదడుగుల పొడవున్న ఒకటే గది. అదే హాలు, అదే డైనింగు, ఓ మూల దేవుడి మందిరం కూడా అక్కడే. ఇలాంటి ఇంట్లో గ్రాండ్ పియానో అంటే ఎవరైనా నవ్వుతారు. నేనూ నవ్వినదాన్నే.

మా అమ్మాయికి పదిహేనేళ్ళు. ఏడో ఏట నుంచి పియానో నేర్చుకుంటోంది. ఇక్కడ మన పిల్లలందరూ ఏదో ఒకటి నేర్చుకుంటారు కదా, ఆదివారం పొద్దున తెలుగుబడి, సాయంత్రం పియానో. ఇదీ అలాగే వెళ్ళింది. తక్కినవాళ్ళు పదమూడేళ్ళకి మానేశారు, ఇది మానలేదు. అంతే తేడా. మేం చెబితే వాయించే దశ ఎప్పుడు దాటిందో, మేం చెప్పినా ఆపని దశ ఎప్పుడు వచ్చిందో నాకు తెలీదు. ఇంట్లో ఉన్నది ఎనభై ఎనిమిది కీస్ ఉన్న డిజిటల్ పియానో. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రాత్రి పదకొండు దాకా వాయించుకునేది. నాకు వినిపించేది వేళ్ళ చప్పుడే, దడదడమని, చెక్కమీద ఎలుకలు పరిగెత్తినట్టు.

పోయిన వేసవిలో దాని టీచరు పిల్లలందరిచేతా ఒక చర్చి హాల్లో కచేరీ చేయించారు. అక్కడ పెద్ద గ్రాండ్ ఉంది. మా అమ్మాయి వాయించింది దెబుస్సీ రాసిన 'క్లేర్ ద ల్యూన్'. వెన్నెల మీద స్వరపరిచినది, మొదలే చాలా మెత్తగా ఉండాలి. అది ఇంట్లో అలవాటైనంత మెత్తగా నొక్కింది. మూడు స్వరాలు అసలు పలకలేదు. కీ కిందికి వెళ్ళింది, శబ్దం రాలేదు. నిజం పియానోలో అంతే. కీ నొక్కితే లోపల ఉన్నితో చేసిన చిన్న సుత్తి ఎగిరి తీగని కొట్టాలి. నొక్కుడు మరీ మెల్లగా ఉంటే సుత్తి తీగ దాకా పోదు. ఇంటికొచ్చేటప్పుడు కారులో అది ఏడవలేదు. "నాకు వాయించడం రాదమ్మా, బటన్లు నొక్కడం వచ్చు" అంది.

ఆ మాట నన్ను రెండు నెలలు నిద్రపోనివ్వలేదంటే అతిశయోక్తి అవుతుంది, నిద్రపోయాను. కానీ మర్చిపోలేదు.

మావారు అన్నీ లెక్కలో పెట్టే మనిషి. ఒక ఎక్సెల్ షీటు తయారైంది. దానివల్ల నాకు తెలిసిందేమిటంటే గ్రాండ్ అనగానే సినిమాల్లో చూసే తొమ్మిదడుగుల ఏనుగు ఒక్కటే కాదు. కచేరీలకు వాడే స్టైన్‌వే 'డి' 274 సెంటీమీటర్లుంటే, అదే కంపెనీ 1930లలో చిన్న ఇళ్ళవాళ్ళ కోసం తెచ్చిన 'ఎస్' 155 సెంటీమీటర్లే. అంటే అయిదడుగుల ఒక అంగుళం. యమహా 'జీబీ1' 151, కవాయ్ 'జీఎల్-10' 153. ఇవన్నీ మన డబుల్ కాట్ కంటే పొట్టివే కదా అని మావారు ఉత్సాహపడ్డారు. డబుల్ కాట్ కూడా హాల్లో పట్టదని నేను గుర్తు చేశాను.

పైగా కంపెనీవాళ్ళు చెప్పే పొడవు ఒక్కటే చూస్తే మోసపోతాం. వాయించే మనిషికి బెంచీ వెయ్యాలి, బెంచీ వెనక్కి లాక్కుని లేవాలి. దానికి ఇంకో రెండు రెండున్నర అడుగులు. మూత తెరుచుకునేది వాయించేవాళ్ళ కుడిచేతి వైపు. కాబట్టి ఎడమవైపున్న తిన్నని అంచు గోడకు ఆనాలి, తెరుచుకునే వైపు గదిలోకి చూడాలి. ఇది తెలియక తిరగేసి పెట్టుకుని, మూత ఎత్తితే శబ్దమంతా గోడకు కొట్టుకునే ఇళ్ళు నేను రెండు చూశాను. రెండూ మనవాళ్ళవే.

ఆ రెండిళ్ళ సంగతి వచ్చింది కనుక మనసులో మాట చెప్పేస్తాను. ఎవరైనా నొచ్చుకుంటే క్షమించండి. అయిదడుగులకు లోపు ఉండే గ్రాండ్ పియానో, నా అభిప్రాయంలో, చాలా ఇళ్ళలో ఒక ఫర్నిచరు. మూతమీద లేసు గుడ్డ, గుడ్డమీద పెళ్ళిఫొటోలు, పక్కన పూలకూజా. గృహప్రవేశానికి వచ్చినవాళ్ళు "అబ్బ, గ్రాండే!" అనడానికి. వాయించేవాళ్ళు లేకపోయినా అది ఉంటే ఇంటికి ఒక హోదా. నల్లగా మెరుస్తుంది, మనం రోజూ దుమ్ము తుడవాలి. తుడిచేది ఎవరో మీకు చెప్పనక్కర్లేదు.

ఇది ఒట్టి ఈర్ష్య కాదు, దీనికి కారణం ఉంది. కింది స్థాయి స్వరం పలకాలంటే తీగ పొడుగ్గా ఉండాలి. పొడుగుకి చోటు లేకపోతే తీగని బరువు చెయ్యాలి, అందుకని ఉక్కు తీగమీద రాగి చుడతారు. వీణలో మంద్రం, అనుమంద్రం తీగలు లావుగా ఉండేదీ ఇందుకే. కానీ పొట్టి తీగని మరీ లావు చేస్తే అది తీగలా ఊగదు, కడ్డీలా బిగుసుకుంటుంది. అప్పుడు స్వరంతోబాటు పుట్టే ఉపస్వరాలు ఉండాల్సిన చోటు కంటే కాస్త పైకి జరుగుతాయి. చెవికి గుయ్యిమని, మబ్బుపట్టినట్టు వినిపిస్తుంది. షాపులో నేను చేసిన పరీక్ష చాలా సులువైనది, పియానో రానివాళ్ళయినా చెయ్యొచ్చు. కళ్ళు మూసుకుని ఎడమ చివర ఉన్న ఏడెనిమిది కీస్ ఒక్కొక్కటే నొక్కించుకుని వినండి. ఒక్కొక్కటీ వేరే స్వరమని తెలుస్తోందా, లేక అన్నీ ఒకటే డమడమలా ఉన్నాయా? రెండోదయితే ఎంత మెరిసినా వదిలేసి వచ్చెయ్యండి. ఒక పెద్ద షోరూములో అమ్మే అతను నేను కళ్ళు మూసుకోవడం చూసి పాపం మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

ఇదే డబ్బుకి, ఇంతకంటే తక్కువకి, నిలువు పియానో వస్తుంది. యాభై రెండంగుళాల ఎత్తున్న మంచి నిలువు పియానో తీసుకుంటే దాని మంద్రం తీగలు చిన్న గ్రాండ్ తీగలకేమీ తీసిపోవు. గోడకు ఆనించేస్తే రెండడుగుల లోతే. ఒక బీరువా ఆక్రమించినంత. మా అమ్మాయి సంగతి కాకపోతే నేను ఎవరికైనా అదే చెబుతాను, ఇప్పటికీ అదే చెబుతున్నాను. హైదరాబాదులో మా చెల్లెలు తన కొడుక్కి ఏం కొనాలని అడిగితే కూడా నిలువుదే కొనమన్నాను. వాళ్ళది తొమ్మిదో అంతస్తు. ముందు టేపు పెట్టి లిఫ్టు లోపలి కొలతలు తీసుకోమన్నాను. గ్రాండ్‌ని పక్కకి నిలబెట్టి తెస్తే లిఫ్టులో పట్టకపోవచ్చు, మెట్లమీద తొమ్మిది అంతస్తులు మోసేవాళ్ళు ఎక్కడ దొరుకుతారు? పైగా కొన్నాక శ్రుతి చేసేవాళ్ళు ఊళ్ళో ఉన్నారో లేదో కూడా కొనకముందే కనుక్కోవాలి.

ఇంకో మాట. ఊరికే ఇస్తాం పట్టుకుపొమ్మని ఇక్కడ ప్రతి వారం ఎవరో ఒకరు పాత పియానో ప్రకటిస్తారు. మావారు అలాంటిది ఒకటి చూడ్డానికి వెళ్ళారు, మాకు తెలిసిన ట్యూనరుని వెంటబెట్టుకుని. ఆయన ఫీజు డెబ్భై అయిదు డాలర్లు. పైమూత ఎత్తి, లోపల తీగలు చుట్టిన మేకుల్ని తాళంచెవిలాంటి పనిముట్టుతో తిప్పి చూసి, "ఇవి చెక్కలో పట్టు వదిలేశాయి, శ్రుతి చేసినా వారం నిలవదు" అన్నారట. ఒక పియానోలో దాదాపు రెండువందల ముప్పై తీగలు, వాటి లాగుడంతా కలిపితే పద్దెనిమిది, ఇరవై టన్నులు. ఆ మేకులు వదులైతే ఇంకేముంది? ఊరికే వచ్చినదాన్ని ఇంటికి తేవడానికి మూడు వందలు, పారేయడానికి మళ్ళీ మూడు వందలు. ఆ డెబ్భై అయిదు డాలర్లు మా సంసారంలో పెట్టిన మంచి ఖర్చుల్లో ఒకటి.

సరే, నిలువు పియానో అనే నేను నిర్ణయించేశాను. అడ్వాన్సు ఇవ్వడానికి వెళ్ళాం కూడా. అక్కడ మా అమ్మాయి నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"అమ్మా, ఇది విను" అని నిలువు పియానోమీద ఒకే స్వరాన్ని వేళ్ళు మార్చి మార్చి గబగబా కొట్టింది. ఒక వేగం దాటాక స్వరం ముక్కలైపోయింది, మధ్యలో కొన్ని ఎగిరిపోయాయి. తర్వాత పక్కనే ఉన్న గ్రాండ్‌మీద అదే చేసింది. వానచినుకుల్లా ఒక్కటీ తప్పలేదు.

ఎందుకో నాకు తర్వాత ట్యూనరుగారు చెప్పారు. గ్రాండ్‌లో తీగలు పడుకుని ఉంటాయి. సుత్తి కిందనుంచి పైకి కొట్టి, దంచేటప్పుడు రోకలి పడ్డట్టు తన బరువుకే కిందికి వస్తుంది. నిలువుదాంట్లో సుత్తి అడ్డంగా ముందుకెళ్ళాలి, వెనక్కి లాగడానికి స్ప్రింగులు, చిన్న నాడాలు కావాలి. పైగా 1821లో సెబాస్టియన్ ఎరార్ కనిపెట్టిన ఒక ఏర్పాటు గ్రాండ్‌లో ఉంటుంది. కీ పూర్తిగా పైకి రాకముందే మళ్ళీ నొక్కినా పలుకుతుంది. నిలువుది సెకనుకు సుమారు ఏడుసార్లు పలికితే గ్రాండ్ పద్నాలుగుసార్లు పలుకుతుందని తయారుచేసేవాళ్ళే చెబుతారు. ఎడమ పెడల్ సంగతి కూడా అంతే. గ్రాండ్‌లో అది నొక్కితే మొత్తం కీబోర్డే ఓ పిసరు పక్కకి జరిగి స్వరం రంగు మారుతుంది. నిలువుదాంట్లో సుత్తులు తీగలకు దగ్గరగా జరిగి చప్పుడు కాస్త తగ్గుతుంది, అంతే.

ఇదంతా పదేళ్ళ పిల్లకు అక్కర్లేదు. మొదటి అయిదారేళ్ళు ఎవరికీ అక్కర్లేదు. పట్టుమని పది నిమిషాలు కూర్చోని పిల్లకి గ్రాండ్ కొనడం, అక్షరాలు దిద్దే పిల్లకి బంగారు కలం కొనడమే. కానీ రోజుకి రెండు గంటలు, ఎవరూ చెప్పకుండా, రెండేళ్ళుగా కూర్చుంటున్న పిల్ల వేళ్ళు వాద్యాన్ని దాటిపోయాయని నా కళ్ళతో చూశాక నా లెక్క మారింది. అడ్వాన్సు ఇవ్వకుండా ఇంటికొచ్చేశాం. అప్పుడు కత్తిరించాను పేపరు పియానో.

ఇప్పుడు డైనింగ్ టేబుల్ దగ్గరికి వద్దాం.

"చోటు లేదు" అన్నారు మావారు. కోపంగా కాదు, కొలతలు చూపించి అన్నారు. నిజమే, ఆరు కుర్చీల టేబుల్ ఉండగా చోటు లేదు. ఆ టేబుల్‌మీద మేం ఏడాదికి ఎన్నిసార్లు తింటామని నేను అడిగాను. వేళ్ళు మడిచి లెక్కపెట్టాం. పండగలకి, ఎవరైనా వస్తే, కలిపి పదిహేను పూటలు. తక్కిన మూడువందల యాభై రోజులు వంటింటి గట్టు దగ్గర ఎత్తు కుర్చీల్లో తింటాం. టేబుల్‌మీద ఉండేది ఉత్తరాలు, పన్నుల కాగితాలు, ఇస్త్రీ కావాల్సిన చొక్కాలు. పదిహేను పూటల కోసం ఏడాది పొడవునా చోటు ఉంచుకున్నాం, రోజూ రెండు గంటలు జరిగే పనికి చోటు లేదంటున్నాం. అయినా అది తప్పని ఎవరికీ అనిపించలేదు, నాతో సహా. డైనింగ్ టేబుల్ లేని ఇల్లు ఇల్లా?

"చోటు లేదు" అన్న మాట నాకు కొత్త కాదు. మాది విజయనగరం. నేను పెళ్ళికి ముందు తొమ్మిదేళ్ళు వీణ నేర్చుకున్నాను. నాన్న నాకు చేయించింది బొబ్బిలి వీణ, ఆ పక్కన గొల్లపల్లిలో ఒకే పనసదుంగని తొలిచి చేసేది. పెళ్ళయి హైదరాబాదులో రెండు గదుల పోర్షన్లో దిగాం. అత్తయ్యగారి ఇత్తడి గంగాళానికి చోటుంది. మావారి మోటారుసైకిలుకి వరండాలో చోటుంది. మా మరిది చదువుకునే బల్లకి చోటుంది. వీణకు చోటు లేదు. ఎవరూ దురుసుగా అనలేదు సుమండీ, "తర్వాత పెద్దిల్లు తీసుకున్నాక తెచ్చుకుందువుగానిలే" అన్నారు. నేనూ సరేనన్నాను. నిజం చెప్పాలంటే నేను అడగను కూడా అడగలేదు. వాళ్ళు అనకముందే నేనే అమ్మతో "అక్కడ ఇరుకమ్మా, ఉండనీ" అనేశాను. పెద్దిళ్ళు రెండు మారాయి, దేశం మారింది. వీణ అమ్మావాళ్ళింట్లో బీరువా మీద పాత దుప్పట్లో చుట్టి ఉంది, ఇరవై రెండేళ్ళుగా.

కాబట్టి గది చిన్నదా పెద్దదా అన్నది సగం మాటే. ఎవరి వస్తువు అక్కడ ఉండటం మనకి సహజంగా తోస్తుందన్నది తక్కిన సగం. టీవీకి గోడ లేదని ఎవరింట్లోనైనా విన్నారా?

డబ్బు సంగతి కూడా దాచకుండా చెబుతాను. ఆరేళ్ళుగా నేను వంటిల్లు మార్పించడం కోసం దాస్తున్నాను. మా అరమరల తలుపులు వేలాడుతున్నాయి, ఒక డ్రాయరు లాగితే చేతికొస్తుంది. కొత్త చిన్న గ్రాండ్ ధర విని ఆ ఊసే వదిలేశాం. పన్నెండేళ్ళ వాడకం ఉన్న యమహా 'జీసీ1', 161 సెంటీమీటర్లది, కొత్తదాని ధరలో సగానికి లోపు దొరికింది. ట్యూనరుగారు వెళ్ళి, మేకులు, తీగలు, అడుగున ఉండే పెద్ద చెక్క, సుత్తుల అరుగుదల అన్నీ చూసి బాగుందన్నారు. అయినా వంటింటి డబ్బంతా అయిపోయింది. దయచేసి నన్ను త్యాగమూర్తిని చెయ్యకండి. ఆ డ్రాయరు చేతికొచ్చినప్పుడల్లా నాకు చిర్రెత్తుకొస్తుంది, పైకే తిట్టుకుంటాను. నాకు వంటిల్లు కావాలి. పియానో ముందు కావాలనిపించింది, అంతే.

మావారికి ఒక్కటే అభ్యంతరం మిగిలింది. "రెండేళ్ళలో కాలేజీకి పోతుంది. తర్వాత దీన్నేం చేస్తాం?" ఇది సరైన ప్రశ్న. దీనికి నా దగ్గర సమాధానం లేదు. అమ్ముకోవచ్చు, నష్టంతో. హైబ్రిడ్ అని ఇంకోటి ఉంది, లోపల గ్రాండ్ సుత్తుల ఏర్పాటు ఉండి శబ్దం మాత్రం స్పీకర్లలోంచి వచ్చేది. హెడ్‌ఫోన్స్ పెట్టుకోవచ్చు, శ్రుతి బాధ లేదు. గోడలు పల్చగా ఉన్న అపార్టుమెంట్ల వాళ్ళకి అది మంచి మార్గమనే అంటాను. మా అమ్మాయి అదీ వాయించి చూసి, "బాగుంది నాన్నా" అని లేచి, మళ్ళీ వెళ్ళి అసలు గ్రాండ్ దగ్గర నిలబడింది. ఆయన ఇంకేమీ అనలేదు.

మా అత్తయ్యగారు మాత్రం ఒక మాటన్నారు. "ఇంత డబ్బు పోసి దొరల వాద్యమెందుకు, వీణో వయొలినో నేర్పించలేకపోయావా?" వయొలిన్ మాత్రం మనదా అత్తయ్యా అన్నాను. మా ఊళ్ళో 1919లో పెట్టిన మహారాజావారి సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామినాయుడుగారు వయొలిన్ నేర్పారని, దాన్ని మనది చేసినవాళ్ళలో ఆయనొకరని చెప్పాను. ఆవిడ కాసేపు ఆగి, "వీణ సంగతి మాట్లాడవేం?" అన్నారు. నవ్వి ఊరుకున్నాను. ఏమని చెప్పను, ఆ గంగాళం గురించా?

పియానో వచ్చిన రోజు ముగ్గురు మనుషులొచ్చారు. కాళ్ళు, పెడళ్ళ చట్రం విప్పేసి, దుప్పట్లు చుట్టి, తిన్నని అంచు కిందికి వచ్చేలా పక్కకి నిలబెట్టి, పలకమీద కట్టి, చిన్న చక్రాల బండిమీద తోసుకొచ్చారు. రెండువందల తొంభై కిలోలు. మా వాకిలి తలుపు ముప్ఫై ఆరంగుళాలు. వెడల్పు చాలింది కానీ గుమ్మం దాటగానే మెట్ల కటకటాల దగ్గర తిప్పడానికి ముప్పావు గంట పట్టింది. ఇది నేను కొలవలేదు. నేలమీద ఆకారం వేసుకున్నాను గానీ అది నేలదాకా వచ్చే దారి కొలవలేదు. కటకటాల్లో ఒక కమ్మీ విరిగింది. మీరు కొలుచుకోండి.

కాళ్ళ కింద గుంటలు పడకుండా గిన్నెల్లాంటివి పెట్టారు. కిందంతా నేను ఊలు తివాచీ పరిచాను, చిన్న గదిలో శబ్దం చెవులు పగలగొట్టకుండా. రెండోరోజే మిఠాయి డబ్బా పట్టుకుని పక్కింటావిడ దగ్గరికి వెళ్ళాను. ఒంటరిగా ఉండే పెద్దావిడ. పొద్దున తొమ్మిదికి ముందు, రాత్రి ఎనిమిది తర్వాత వద్దంది. సరేనన్నాను. ఈ పని పియానో రాకముందే చెయ్యాల్సింది, అప్పుడైతే అడిగినట్టుండేది, ఇప్పుడు చెప్పినట్టయింది. మూడువారాలు ఇంటి గాలికి అలవాటు పడనిచ్చి శ్రుతి చేయించాం. గదిలో తేమ నలభై నుంచి యాభై శాతం మధ్య ఉండాలట. చలికాలం హీటరు వేస్తే ఇక్కడ గాలి అప్పడంలా ఎండిపోతుంది, కనుక పసిపిల్లకి పెట్టినట్టు పక్కన తేమ యంత్రం పెట్టి పొద్దున్నే నీళ్ళు పోస్తున్నాను. ఏడాదికి రెండుసార్లు శ్రుతి. ఇవన్నీ కొన్న ధరలో ఎవరూ కలపరు.

డైనింగ్ టేబుల్ మా తెలుగుబడి టీచరుగారింటికి పోయింది. సంక్రాంతికి పన్నెండుమంది వచ్చారు, అందరం నేలమీద విస్తళ్ళు వేసుకుని కూర్చున్నాం. మోకాళ్ళ నొప్పులున్న ఇద్దరికి వంటింటి గట్టు దగ్గర పెట్టాను. బొమ్మలకొలువు పియానో మూతమీద పెడదామని మావారు అన్నారు, పొడుగ్గా, నల్లగా, బాగుంటుందని. ససేమిరా అన్నాను. దానిమీద ఇంతవరకూ ఒక్క ఫొటో కూడా పెట్టలేదు.

ఆ వెన్నెల పాట ఇప్పుడు అన్ని స్వరాలూ పలుకుతోంది. మొదట్లో రెండువారాలు ఇంకా ఘోరంగా వాయించింది, వేళ్ళు బరువుకి అలవాటు పడేదాకా. నేను వంటింట్లోంచి, "మూడు వేల మైళ్ళు నడిచినట్టు ఆయాసపడుతున్నావేమే" అంటే కసిరింది. ఇప్పుడు కూరగాయలు తరుగుతూ ఆగిపోతున్నాను అప్పుడప్పుడు. అది బడికి వెళ్ళాక, మధ్యాహ్నం ఒకరోజు నేను కూర్చుని మాయామాళవగౌళ సరళీస్వరాలు నొక్కి చూశాను. స్వరాలు ఉన్నాయి, వాటి మధ్య జారడానికి దారి లేదు. రిషభం మీద వేలు ఊగించబోయాను, కీ కదిలితేనా! నవ్వొచ్చింది. ఎడమచేతి రెండు వేళ్ళ చివర్లూ మాత్రం ఎందుకో చిమచిమలాడాయి, తీగ ఒత్తుకున్న కాయలు ఎప్పుడో పోయినా.

మే నెలలో ఇండియా వెళ్తున్నాం. అమ్మకి ఫోన్ చేసి బీరువా మీంచి వీణ దింపించమన్నాను. మైనం అంతా ఎండి పెచ్చులూడిందని, మూడు మెట్లు ఊడి దుప్పట్లో పడున్నాయని, తీగలు తుప్పు పట్టాయని చెప్పింది. కాయ మాత్రం బాగానే ఉందట, చెద పట్టలేదట. మళ్ళీ మేళం కట్టించాలి. విజయనగరం, బొబ్బిలి వైపు ఆ పని బాగా చేసేవాళ్ళు మీకెవరికైనా తెలిస్తే చెప్పండి. వీణని విమానంలో తెచ్చుకున్నవాళ్ళుంటే ఎలాంటి పెట్టెలో పెట్టి తెచ్చారో కూడా చెప్పండి. పొడవు నాలుగడుగుల పైనే. హాల్లో సోఫాకి, మందిరానికి మధ్య నేలమీద నిన్ననే నీలం టేపు వేసి చూశాను.